గురవమ్మ సొంత సెల్లు

గురవమ్మది పెద్ద గొంతు. చీమకుర్తి సెంటర్లో నిలబడి ఎవరినైనా పలకరించిందంటే, గ్రానైటు బండలేసుకుని పోతున్న లారీ డ్రైవరు తననేమో అనుకుని బ్రేకు తొక్కేవాడు. ఇలాంటి మనిషికి గుట్టు దాచే ఉద్యోగం ఇచ్చిన మహానుభావుడెవడో ఒకసారి చూడాలని ఉందని ఆమె మొగుడు ఆదెయ్య ఎగతాళి చేసేవాడు. ఆదెయ్య రాయి కోసే యూనిట్లో పనివాడు. అతని ఎగతాళికి గురవమ్మ ఏనాడూ ఉడుక్కోలేదు. ఊళ్ళ సంగతులన్నీ ఆమె నోట దొర్లుకుంటూ వచ్చేవి కాని, ఉద్యోగం సంగతి ఒక్కటంటే ఒక్కటి వచ్చేది కాదు. కట్టుకున్నవాడికి కూడా చెప్పేది కాదు.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ బాగోగులు చూడటం ఆమె పని. ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, మాత్రలు వేళకు వేసుకుంటున్నారో లేదో కనుక్కోవాలి, బెంగపడ్డవాళ్ళకు ధైర్యం చెప్పాలి, ఆసుపత్రికి వెళ్ళలేనివాళ్ళకు మాత్రలు తెచ్చివ్వాలి. అన్నిటికంటే ముఖ్యం, వాళ్ళ పేర్లు ఎవరికీ తెలియకుండా చూడాలి.

ఈ చివరి మాట గురవమ్మకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆమె పుట్టిల్లు గుంటూరు అవతల, పత్తీ మిరపా పండే నల్లరేగడి ఊరు. తమ్ముడు అదే జబ్బుతో పోయాడు. వాడు తన సంగతి సూదిమందు వేసే డాక్టరు ఒక్కడికే చెప్పుకున్నాడు. వారం తిరక్కుండా టీకొట్టులో వాడికి గ్లాసు వేరైంది. ఇంటి ముందు నుంచి నడిచేవాళ్ళు రోడ్డుకి ఆ పక్కగా నడవడం మొదలుపెట్టారు. పోయిననాడు పాడె మొయ్యడానికి మనుషులు చాల్లేదు. ఆడదని చూసుకోకుండా గురవమ్మే ఒక పక్క భుజం పట్టింది. జబ్బు వాణ్ణి చంపడానికి ఏళ్ళు పట్టేది, ఊరే నెలల్లో చంపిందని ఆమె నమ్మకం. నాకు తెలిసినంతలో ఆ నమ్మకం తప్పు కాదు.

ఆఫీసులో ఫోను ఒకటుండేది. ప్రాజెక్టు ఆఫీసరు లక్ష్మీకాంత్ గదిలో, బల్ల మీద, చిన్న తాళంకప్పతో. పొద్దుగూకితే గదికీ తాళమే, ఆదివారమూ తాళమే. పేషెంట్లకేమో బెంగా, వాంతులూ, జ్వరమూ ఆఫీసు వేళలు చూసుకుని రావు కదా. అందుకని రెండు వేల ఏడులో గురవమ్మ రంజాన్ కొట్లో ఒక పాత సెల్లు కొనుక్కుంది. సిమ్ముకి కాగితాలు కావాలంటే రంజాన్ తన సొరుగులోంచి ఎవరిదో ఓటరు కార్డు జిరాక్సు తీసి జతచేశాడు. అప్పట్లో అందరి సిమ్ములూ అలాగే వచ్చేవి, ఎవరూ తప్పనుకోలేదు.

లక్ష్మీకాంత్ తెగ సంతోషించాడు. పేషెంట్లందరికీ ఆమె నంబరే ఇచ్చేశాడు. పేర్లు ఆఫీసు బీరువా దాటి బయటికి పోకూడదని శిక్షణలో గంటసేపు చెప్పిన మనిషే, అవే పేర్లు గురవమ్మ చేతిసంచిలో ఊరూరా తిరుగుతుంటే ఏమీ అనలేదు. గురవమ్మ మాత్రం తన జాగ్రత్త తను పడింది. సెల్లులో ఒక్క పేరు కూడా ఎక్కించలేదు. అన్నీ వరసలే. టీకొట్టు తమ్ముడు, కల్లం బాబాయి, వంట చెల్లి.

పేషెంట్ల దగ్గర సెల్లులో డబ్బులుండవు. ఒక మిస్డ్ కాల్ ఇచ్చి ఊరుకుంటారు, గురవమ్మే తిరిగి చేస్తుంది. ఆ వేళకు ఆమె ఏ ఆటోలోనో, ఏ పెళ్ళి పందిట్లోనో ఉంటే పక్కన చెవులుంటాయి. అందుకని నలుగురిలో ఉన్నప్పుడు ఆమె ఒక్క మాట మాట్లాడదు. ఊఁ కొడుతుంది, అంతే. అవతలివాళ్ళు చెప్పుకోవలసింది చెప్పుకుని పెట్టేస్తారు. అంత గొంతున్న మనిషి ఫోనులో ఊఁ కొట్టడం ఆదెయ్యకు భలే వింతగా ఉండేది. ఈ పద్ధతి ఎవరో నేర్పింది కాదు, ఆమె సొంత తెలివి. ఎవరికీ అనుమానం రాదని ఆమెకు గొప్ప ధీమా.

అది మిరపకోతల కాలం. గురవమ్మ పొద్దున్నే ఒక ఊరు వెళ్ళి, ఒక ముసలాయన్ని చూసి, షేర్ ఆటోలో చీమకుర్తి వచ్చింది. ఆ ఊరి పేరు చెప్పను. చెబితే ఆ సెల్లుకీ నాకూ తేడా ఉండదు. ఆటో నిండా కోత కూలీలు, గోతాలు, మిరప ఘాటు, తుమ్ములు. అంచున వేలాడుతూ కూర్చుంది. ఆఫీసు ముందు దిగి, మెట్లెక్కి, సంచిలో చెయ్యి పెట్టింది. కళ్ళజోడుంది. తాళంచెవులున్నాయి. సెల్లు లేదు.

సంచి బల్ల మీద బోర్లించింది. రోడ్డు మీదికి పరుగెత్తేసరికి ఆటో మళ్ళీ మనుషుల్నెక్కించుకుని ఆ ఊరికే తిరిగిపోయింది. కిళ్ళీకొట్టు దగ్గర రూపాయి బిళ్ళ వేసి తన నంబరుకి చేసింది. మోగింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేసింది. మోగుతూనే ఉంది కాని ఎవరూ ఎత్తలేదు.

"పోతే పోయిందిలెండి గురవమ్మగారూ, పాతదేగా," అన్నాడు లక్ష్మీకాంత్.

"సెల్లు సంగతి కాదు సార్. అందులో మనవాళ్ళందరి నంబర్లూ ఉన్నాయి. వాళ్ళు మిస్డ్ కాల్ ఇస్తారు. ఎవడో తిరిగి చేస్తాడు. నేనే అనుకుని అన్నీ చెప్పేస్తారు."

లక్ష్మీకాంత్ ముఖం కాస్త పాలిపోయింది. ఆ వెంటనే తేరుకున్నాడు. "ఆఫీసు సామాను పోతే రిపోర్టు రాయాలి. ఇది మీ సొంత సెల్లు కదండీ. మనమేం చెయ్యగలం?"

మూడేళ్ళుగా ఆ సొంత సెల్లు మీదే ఆఫీసంతా నడిచిందన్న సంగతి ఆ పూటకు ఆయన మరిచిపోయాడు. నాకైతే ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. గురవమ్మకు కోపం తెచ్చుకునే తీరిక లేదు. రంజాన్ కొట్టుకి పరుగెత్తింది.

"సిమ్ము ఆపించు రంజానూ, నీకు పుణ్యముంటుంది."

రంజాన్ తల గోక్కున్నాడు. "కంపెనీవాళ్ళు సిమ్ము ఎవరి పేరున ఉందో చెప్పమంటారక్కా. ఆ జిరాక్సు ఎవరిదో నాకు గుర్తుంటే ఒట్టు."

పోనీ, ఒక్కొక్కరికీ వేరే ఫోను నుంచి చేసి హెచ్చరిద్దామా అంటే ఒక్క నంబరు నోటికి రాదు. అన్నీ సెల్లులోనే. సెల్లు వచ్చాక మనుషులు నంబర్లు గుర్తు పెట్టుకోవడం మానేశారు, గురవమ్మ ఒక్కతీ కాదు. ఎవరెవరు ఏ పూట చేస్తారోనని తలుచుకుంటూ నిలబడ్డది. అంతలో గుర్తొచ్చింది, ఈ రోజు వంట చెల్లికి మాత్రలు అయిపోతాయి. మధ్యాహ్నం పిల్లలకు వడ్డించగానే మిస్డ్ కాల్ ఇస్తుంది. ఆమెదీ ఆటో తిరిగిపోయిన ఆ ఊరే. గురవమ్మ ఆటోల దగ్గరికి పరుగెత్తింది.

వంట చెల్లిని కోటేశ్వరమ్మ అనుకుందాం. మొగుడు పోయాడు, ఒక కూతురు, పేరు శరణ్య. ఆ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది, శరణ్యా అదే బడిలో చదువుతుంది. పని మనసు పెట్టి చేస్తుంది. పిల్లలు సాంబారు మళ్ళీ మళ్ళీ అడిగి పోయించుకుంటారు. వండే చెయ్యి ఎలాంటిదో ఊరికి తెలిసిన రోజు ఆ పొయ్యి ఆరిపోతుంది. పొయ్యితో ఆగదు, ఇల్లద్దెకుండదు, పిల్లని పక్కన కూర్చోబెట్టుకునేవాళ్ళుండరు. ఆ మాట ఆమె గురవమ్మతో ఎన్నిసార్లు అందో. ఎప్పుడు అన్నా గొంతు తగ్గించి, తలుపు వేసే అనేది.

ఆటో కోసం చూస్తుంటే ప్రాణం లేచిపోతున్నట్టుంది. వచ్చిన ఆటో నిండందే కదలదు. "పోనీయ్ నాయనా, నిండిన లెక్క నేనిస్తా," అని గురవమ్మ అరిచింది. దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఎండుతున్నాయి. రోజూ చూసే ఎరుపే ఆ పూట ఆమె కంటికి మంటలా అనిపించింది. ఆటోలో ఎవరు నవ్వినా ఉలిక్కిపడింది. వీడి దగ్గరుందేమో. ఈవిడ విన్నదేమో. ఊళ్ళో అప్పుడే జనం గుమిగూడి ఉంటారేమో.

బడి దగ్గర దిగేసరికి పిల్లలు భోంచేసి ఆడుకుంటున్నారు. ఎక్కడా గొడవ లేదు. కోటేశ్వరమ్మ వరండా చివర గుండిగలు తోముతోంది. ఆమెను చూసి గురవమ్మకు ప్రాణం లేచొచ్చింది.

కోటేశ్వరమ్మ తలెత్తి నవ్వింది. "అబ్బ, ఇట్టా మాట్లాడానో లేదో అట్టా వచ్చేశావే అక్కా! తెచ్చావా?"

గురవమ్మ వరండా అంచు పట్టుకుని కూర్చుంది. "ఏం మాట్లాడావే?"

"అదేంది? మిస్ కాల్ ఇస్తే చేశావుగా. చుట్టూ జనం ఉన్నారేమో, నువ్వు ఊఁ కొడతన్నావు. మాత్రలైపోయాయన్నా. నోట్లో పుండ్లు లేచాయన్నా. ఆ హెచ్‌ఐవీ మాత్రలు మానకుండా వేసుకుంటన్నా ఎందుకు లేచాయో డాక్టర్నడగమన్నా. పిల్లలకి వడ్డించొచ్చి గంట కొట్టేలోగా మాట్లాడతన్నానన్నా. అన్నిటికీ ఊఁ అన్నావుగా అక్కా."

ఎవరో చెవికి సెల్లు ఆనించుకుని, గొంతు బయటపెట్టకుండా, ఇదంతా వింటూ ఊఁ కొట్టారు. గురవమ్మ సొంత తెలివే అది. ఊఁ అంటే చాలు, మనసు విప్పి చెప్పెయ్యడం వీళ్ళకు అలవాటు చేసింది తనే.

"ఏందక్కా అట్టా ఉన్నావు? విన్నావా, లేదా?"

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. నోరు తెరిచింది. కోటేశ్వరమ్మ మసిచేతులతో, నవ్వుముఖంతో చూస్తోంది.

"ఊఁ," అంది గురవమ్మ.

ఆ పిరికితనానికి తర్వాత ఆమె ఎంత ఏడ్చిందో నాకు తెలుసు.

సాయంత్రం ఆ ఊళ్ళోనే ఆటోల దగ్గర నిలబడి ఉంటే బుల్లయ్య వచ్చాడు. రైతు, పెద్దమనిషి. ఎవరి జోలికీ పోడు, ఊరికే ఏ పనీ చెయ్యడని ఊళ్ళో పేరు. పొద్దున పురుగుమందు కోసం చీమకుర్తి పోయి అదే ఆటోలో తిరిగొచ్చాట్ట. పైపంచె కొంగులోంచి సెల్లు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"సీటు సందులో దొరికిందమ్మాయ్. నీదంట గదా. ఆటో అతను చెప్పాడు."

"ఎవరన్నా చేశారా బాబాయ్?"

"మోగింది. ఆ మీటలూ అవీ మనకేం తెలుసు. నేను ముట్టుకోలా."

అని చెప్పి ఆమె ముఖం చూడకుండా వెళ్ళిపోయాడు. గురవమ్మ సెల్లు తెరిచింది. ఆ సెల్లు నుంచి బయటికి పోయిన కాల్స్‌లో పైన, వంట చెల్లి. ఆ మధ్యాహ్నం వేళే.

ఆ రాత్రి ఆమెకు కంటి మీద కునుకు లేదు. ఉత్తముడే, ఎవరికీ చెప్పడులే అనుకుంటుంది. అంతలోనే తమ్ముడి టీగ్లాసు గుర్తొచ్చి లేచి కూర్చుంటుంది. పొయ్యి మీద పాలు పొంగినా ఆదెయ్య పిలిచేదాకా చూసుకోలేదు. ఏమైందని అతనడిగితే తలనొప్పంది. మర్నాడు కోటేశ్వరమ్మ మాత్రలు తీసుకుని బడికెళ్ళింది. వరండాలో పిల్లలు బారుగా కూర్చున్నారు. బుల్లయ్య మనవరాలి ముందు స్టీలు క్యారేజీ ఉంది. అందరి ముందూ పళ్ళేలు, ఆ పిల్ల ముందు క్యారేజీ.

"ఇయ్యాల పప్పన్నం తెచ్చుకుందంట," అంది కోటేశ్వరమ్మ మామూలుగా.

గురవమ్మ నేరుగా బుల్లయ్య చేలోకి నడిచింది. అతను మిరప సాళ్ళలో నీళ్ళు మళ్ళిస్తున్నాడు.

"మీరు విన్నారు బాబాయ్. నాకు తెలుసు."

బుల్లయ్య పార కింద పెట్టాడు. "మోగి ఆగిపోతే, ఎవరిదో కనుక్కుని ఇచ్చేద్దామని పచ్చ మీట నొక్కానమ్మాయ్. నేను నోరు తెరవకముందే ఆ పిల్ల అందుకుంది. పెట్టెయ్యాలని తోచలా. గొంతు గుర్తుపట్టాక అసలు తోచలా."

"ఎవరికి చెప్పారు?"

"ఎవరికీ చెప్పలా. నా మనవరాలి మీద ఒట్టు. మా ఆడోళ్ళకి గూడా చెప్పలా. రేపట్నుంచి పిల్లకి ఇంటి నుంచి అన్నం పంపండన్నా. ఎందుకన్నారు. పంపమన్నా గదా అన్నా. అంతే."

"అన్నం తింటే అంటుకోదు బాబాయ్."

"తెలుసు. టీవీలో చెప్తానే ఉన్నారు." చేతికంటిన బురద దులుపుకున్నాడు. "తెలిసినా మనసొప్పలా. పసిపిల్ల గదమ్మా."

గురవమ్మ ఆ గట్టు మీదే దణ్ణం పెట్టింది. "మీ మనవరాలిని మళ్ళీ పళ్ళెం ముందు కూర్చోబెట్టండి బాబాయ్. మీరు నోరు విప్పకపోయినా ఆ క్యారేజీ చూస్తే చాలు. ఒక ఆడమనిషి బతుకు."

బుల్లయ్య పార తీసుకున్నాడు. "దాని బతుకు నేనేం తియ్యలేదు. నేనెవరికీ చెప్పలా," అన్నాడు మళ్ళీ. అతని లెక్కలో అతను మంచివాడే. గురవమ్మ గట్టు దిగి వెనక్కి నడిచింది.

ఊళ్ళో బుల్లయ్య ఊరికే ఏ పనీ చెయ్యడు కదా. మనవరాలికి క్యారేజీ కట్టాడంటే ఏదో ఉండే ఉంటుందని పక్కింటావిడ కట్టింది. ఆవిణ్ణి చూసి ఎదురింటావిడ. సాంబారులో బల్లి పడిందని ఒకరు, బియ్యంలో పురుగులని ఒకరు. వంటామె ఈ మధ్య చిక్కిపోయిందేమిటని ఇంకొకరు. ఆ తర్వాత మాట, చీమకుర్తి నుంచి ఆ గురవమ్మ ఆ ఇంటికి ఎందుకొచ్చిపోతుందోనని. అక్కణ్ణుంచి, గురవమ్మ ఇంకా ఏయే ఇళ్ళకి పోతుందోనని. గురవమ్మ ఆ ఊళ్ళో దిగితే జనం మాటలాపి చూడటం మొదలైంది. ఆమె ఏ సందులోకి తిరుగుతుందా అని చూసేవాళ్ళు. ముసలాయన్ని చూడవలసిన రోజొచ్చినా చూడకుండా తిరిగొచ్చేసింది. ఆయన గుమ్మం ఎక్కాలంటేనే భయం. తన నీడ ఏ ఇంటి మీద పడితే ఆ ఇల్లు బయటపడిపోతుందని భయం.

ఇక దాచడం తన వల్ల కాదని ఒక మధ్యాహ్నం బడికి వెళ్ళింది. వరండా నిండా క్యారేజీలే. మూతలు తీస్తుంటే పచ్చళ్ళ వాసన. కోటేశ్వరమ్మ గంటె పట్టుకుని నిలబడి ఉంది. గుండిగ నిండా సాంబారు అలాగే ఉంది.

"రేపట్నుంచి బియ్యం తగ్గించమన్నాడక్కా హెడ్మాస్టరు," అంది. ఆమె ముఖంలో నెత్తురు లేదు. "ఎవరు చెప్పారో తెలీటల్లా. నువ్వు తప్ప ఎవరికీ తెలీదు గదా. నువ్వు చెప్పవు. చచ్చినా చెప్పవు. నాకు తెలుసు."

గురవమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆ రోజు నువ్వు మాట్లాడింది నాతో కాదే కోటేశ్వరీ. సెల్లు పారేసుకున్నా. ఊఁ కొట్టింది నేను కాదు."

కోటేశ్వరమ్మ చెయ్యి విడిపించుకోలేదు. అరవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండునని గురవమ్మ అనుకుంది. ఆమె కళ్ళు ఎక్కడో ఉన్నాయి. ఆ రోజు ఏమేం చెప్పిందో మళ్ళీ ఒక్కొక్కటీ తలుచుకుంటున్నట్టుంది.

అప్పుడు శరణ్య వచ్చింది. వరస చివర నుంచి లేచి, ఖాళీ పళ్ళెం పట్టుకుని, అమ్మ దగ్గరికి వచ్చి కొంగు లాగింది. వరండాలో పళ్ళెం ఆ పిల్ల ఒక్కదాని చేతిలోనే ఉంది.

"అమ్మా, నాకూ క్యారేజీ కొనిపెట్టవా? అందరూ తెచ్చుకుంటన్నారు."

కోటేశ్వరమ్మ వంగి కూతురి పళ్ళెంలో అన్నం పెట్టింది. సాంబారు పోసింది.

"కొంటాలే," అంది. "ఈ పూటకి తిను."